జిగురుకు మార్కులెందుకు?

తొమ్మిదో తరగతిలో చేరబోయే పిల్లలకు ఇక్కడ అమెరికాలో చాలా హైస్కూళ్లు వేసవిలో ఒక "క్రియేటివ్ బుక్ ప్రాజెక్టు" ఇస్తాయి. దాన్ని ఎత్తేయాలని నా వాదన. వేసవిలో పుస్తకం చదవడం మానేయమని కాదు. చదవడం ఉండాలి. దాని నెత్తిన ఎక్కి కూర్చున్న అట్టముక్కలు, జిగురు, రంగు కాగితాలు దిగిపోవాలి.

ఇంట్లో ఆ వయసు పిల్లలు లేనివాళ్ల కోసం చెప్తున్నాను. సెలవులకు ముందు బడివాళ్లు ఒక జాబితా ఇస్తారు. అందులో ఒక పుస్తకం చదవాలి. దానితో పాటు ఒక గళ్ల కాగితం ఇస్తారు. ఒక గడిలో చెప్పుల పెట్టెలో కథలోని ఒక దృశ్యం కట్టమని ఉంటుంది. ఇంకో గడిలో సినిమా పోస్టర్ వేయమని, మరో గడిలో ఒక పాత్రకు నచ్చే పాటల జాబితా రాయమని. ఏదో ఒకటి చేసి బడి తెరవగానే ఇవ్వాలి. రంగులకు మార్కులు, శుభ్రతకు మార్కులు.

నా మొదటి అభ్యంతరం: ఈ పని పుస్తకం తెరవకుండా చేసేయొచ్చు. సాండ్రా సిస్నెరోస్ 1984లో ప్రచురించిన 'ది హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్' చూడండి. చిన్న పుస్తకం, 44 చిన్న చిన్న అధ్యాయాలు. షికాగోలో ఉండే ఎస్పెరాంజా అనే అమ్మాయి కథ. వాళ్ల ఇల్లు చిన్నది, ఎర్రది. అట్టపెట్టెకు ఎర్ర రంగు వేసి రెండు కిటికీలు కోస్తే ప్రాజెక్టు అయిపోయింది. ఆ ఇల్లు తను కోరుకున్న ఇల్లు కాదని ఆ పిల్ల మొదటి అధ్యాయంలోనే చెప్తుంది. ఎందుకు కాదో అట్టపెట్టె చెప్పలేదు.

ఇంకో అధ్యాయంలో ఆమె తన పేరు గురించి మాట్లాడుతుంది. అది ముత్తవ్వ పేరు. ఇంట్లో స్పానిష్‌లో ఒకలా పలుకుతుంది, బడిలో ఇంకోలా మారిపోతుంది. హాజరు పిలిచేటప్పుడు తన పేరు ముక్కలు కావడం వినని తెలుగు పిల్ల ఈ దేశంలో ఉందా? ఇది మన పిల్లల గురించి రాసినట్టే ఉండే పుస్తకం. దాన్ని వాళ్ల చేతిలో పెట్టి, "దీనికి ఒక పోస్టర్ వెయ్యి" అంటున్నాం.

రెండో అభ్యంతరం: ఈ ప్రాజెక్టులో మార్కులు పిల్లకు కాదు, ఇంటికి పడతాయి. ఆగస్టు వస్తే మా గుడి వంటింటి వెనక ఖాళీ అట్టపెట్టెలకు గిరాకీ. అడగడానికి వచ్చేది ఎక్కువగా అమ్మలే. ఏ పుస్తకం అని అడిగితే ఫోన్ తీసి చూసి చెప్తారు. తీరిక ఉన్న అమ్మ, రంగుల ప్రింటర్ ఉన్న నాన్న దొరికిన పిల్లకు మంచి మార్కులు. అమ్మానాన్నలు రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే ఇంట్లో పిల్లాడు పుస్తకం రెండుసార్లు చదివినా, వాడి పెట్టె వంకరగా ఉందని మార్కులు తగ్గుతాయి.

"అందరికీ వ్యాసం రాయడం రాదు కదండీ, చేతులతో చేస్తే ఇష్టం పుడుతుంది" అని అంటారు. ఈ మాటను నేను కొట్టిపారేయను. కానీ ఇష్టం దేని మీద పుట్టింది? జిగురు మీద పుడితే అది పుస్తకం దాకా రాదు. చేతిపని కావాలంటే, పుస్తకం చదవకపోతే చేయలేని పని ఇవ్వండి.

అలాంటి పని మన ఇళ్లలోనే ఉంది. ఒక పేజీని తెలుగులోకి మార్చడం. స్టైన్‌బెక్ 1937లో రాసిన 'ఆఫ్ మైస్ అండ్ మెన్' చాలా జాబితాల్లో ఉంటుంది. ఇంగ్లీషులో అందరూ అందరినీ ఒకే "యూ" అంటారు. తెలుగులో అలా కుదరదు. జార్జ్ లెన్నీని "ఒరేయ్" అంటాడా? యజమానితో "అండీ" అంటాడా? క్రుక్స్ నల్లజాతివాడు, గుర్రాలశాలలో వేరుగా ఉంటాడు. కర్లీ భార్య అతన్ని బెదిరించక ముందు ఆమెను "నువ్వు" అనొచ్చా? బెదిరించాక ఏమంటాడు? ఆ పుస్తకంలో ఆమెకు పేరే లేదు. మరి ఆమెను ఏమని పిలవాలి? ఒక్కో మాట దగ్గర ఆగి, ఎవరికి ఎవరంటే భయం, ఎవరికి ఎవరంటే గౌరవం అని తేల్చుకోవాలి. టీచర్లు కోరే "లోతైన పఠనం" ఇదే. దీనికి పెన్సిలు, కాగితం, పక్కన అమ్మమ్మ ఉంటే చాలు. తెలుగు అంతగా రాని పిల్లలు ఆ పేజీ కథను ఇంట్లో పెద్దవాళ్లకు నోటితో చెప్పినా సరే. వాళ్లు తిరిగి వేసే ప్రశ్నలు ఏ ప్రశ్నపత్రంలోనూ ఉండవు.

ఒక్క అమెరికా బళ్లనే తిట్టి ఊరుకోను. మన ఆదివారం తెలుగు క్లాసుల్లో కూడా ఇదే జబ్బు. అక్షరాలకు రంగులు వేస్తాం, వేషాలు కడతాం, ఫొటోలు తీస్తాం. ఏడాది చివర పిల్లకు ఒక పేరా ఇచ్చి చదవమంటే గది నిశ్శబ్దం. రంగు వేసిన "అ" గోడ మీద ఉంటుంది, నోట్లోకి రాదు.

కాబట్టి ఈ వేసవిలో తొమ్మిదిలోకి వెళ్లే పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు నా మాట ఇది. టీచరుకు చిన్న ఉత్తరం రాయండి. రెండు అడగండి. ఒకటి, అట్టపెట్టె బదులు ఒక పేజీ అనువాదం, దాని కింద "ఈ మాట ఎందుకు ఎంచుకున్నాను" అని పది వాక్యాలు ఇవ్వొచ్చా? రెండు, సొంతంగా ఎంచుకునే పుస్తకం ఉంటే, అది తెలుగు పుస్తకం కావచ్చా? ఒప్పుకుంటే సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' తీసుకోండి. కృష్ణ ఒడ్డున ఉన్న ఒక్క ఊరి కథలు, మొత్తం 100, బాపు బొమ్మలతో. ఒక్కో కథ కొద్ది పేజీలే. వారానికి రెండు చదివినా సెలవులు అయ్యేసరికి ఇరవై కథలు అవుతాయి.

టీచరు వద్దంటే వద్దననివ్వండి. కానీ ఎవరూ అడగకపోతే ఆ గళ్ల కాగితం వచ్చే ఏడాది కూడా అలాగే వస్తుంది.