పక్షుల సరస్సులో జాలరికి చోటెంత?

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసిన సంగతి మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటూ ఉంటారు. హద్దు ఊళ్ల మధ్యే కాదు, నీళ్ల మధ్య కూడా ఉందని మన పిల్లలకు తెలియకపోవచ్చు. మన తిరువళ్ళూరు జిల్లాలో పొన్నేరి దాటి వెళితే వచ్చే పులికాట్ సరస్సు అలాంటిదే. తమిళులకు అది పళవేర్కాడు, మనకు ప్రళయకావేరి. ఉప్పునీరు, మంచినీరు కలిసే సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత పెద్దది ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలోనూ, కొంత భాగం మన వైపూ ఉంది.

ఆంధ్ర వైపు భాగాన్ని 1976లో, తమిళనాడు వైపు భాగాన్ని 1980లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. "నీళ్లున్న చోట అరణ్యమేమిటి తాతయ్యా?" అని మా మనవరాలు అడిగింది. అడవి ఉండనక్కర్లేదమ్మా, జీవులకు అభయం ఉంటే చాలు అన్నాను.

1970లో దేశం మొత్తం మీద జాతీయ ఉద్యానాలు 5 మాత్రమే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక సంఖ్య పెరుగుతూ పోయింది. ఇప్పుడు జాతీయ ఉద్యానాలు 100 దాటాయి, అభయారణ్యాలు 500 దాటాయి. సంతోషమే. కానీ పేరు మారితే నియమమూ మారుతుంది. చెన్నైలోని గిండీ వంటి జాతీయ ఉద్యానంలో ప్రజలకు హక్కులేవీ మిగలవు, పశువులను మేపడం కూడా కుదరదు. అభయారణ్యంలోనైతే కలెక్టరు విచారించి కొన్ని హక్కులను కొనసాగనివ్వవచ్చు. 2002 సవరణతో మరో రెండు తరగతులు చేరాయి. ప్రభుత్వ భూమిలో స్థానికులతో సంప్రదించి ఏర్పరచేది ఒకటి, జనం తమ సొంత భూమిలో తామే ముందుకొచ్చి కాపాడేది మరొకటి.

ఈ తేడా కాగితం మీది సంగతి కాదు. పులికాట్ జాలర్లకు 'పాడు' అనే కట్టుబాటు తరతరాలుగా ఉంది. వల వేసే చోట్లను వంతులవారీగా పంచుకుంటారు. ఎవరి వంతు వస్తే ఆ రోజు వారిది. అభయారణ్యం హద్దులు తేల్చేటప్పుడు ఆ వంతును లెక్కలోకి తీసుకోకపోతే పొయ్యిలో పిల్లి లేవదు.

జనం పక్షులకు శత్రువులని నేననుకోను. చెంగల్పట్టు జిల్లా వేడంతాంగల్‌లో పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు బలమని రైతులు ఎప్పుడో గ్రహించారు. తుపాకులతో వచ్చేవారి మీద ఫిర్యాదు చేసి, 1798లో కలెక్టరు లయొనెల్ ప్లేస్ చేత రక్షణ పత్రం రాయించుకున్నారు. చట్టం పుట్టకముందే కాపలా పుట్టిందన్నమాట. అందుకే హద్దు రాయి పాతేముందు అక్కడి మనుషులను అడగాలంటాను.

ఈ సంక్రాంతి సెలవులకు పిల్లలను పులికాట్ తీసుకెళ్లండి. పక్షులను చూపించండి, జాలర్లతోనూ మాట్లాడించండి. మీ ఇంటి పెద్దలకు ప్రళయకావేరి కబుర్లు తెలిస్తే రాసి పంపండి.