పడవకు మనమే పెట్టే చిల్లు

పడవకు చిల్లు పడితే మునుగుతుంది. ఇది చిన్నపిల్లలకూ తెలుసు. మరి ఆ చిల్లును మనమే కొలతలు తీసుకుని మరీ డ్రిల్లు మిషనుతో పెట్టాల్సి వస్తే?

నాకా పని మా మేనల్లుడి వల్ల పడింది. వాడికి 14 ఏళ్లు. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవ నడపడం నేర్చుకుంటున్నాడు. ఏటా వానాకాలంలో దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు అక్కడ లేజర్ పడవలతో పోటీలు పడతారు. ఆ సంబరం చూసి వీడికీ పిచ్చి పట్టింది. మా బావ ఎక్కడో ఓ పాత ప్లైవుడ్ పడవ కొనిచ్చాడు. "మామా, దీనికి క్లీట్ పెట్టాలె. నువ్వు స్క్రూలు మంచిగ బిగిస్తవ్ కదా!" అని ఫోన్. సిద్దిపేటలో మా ఇంటి తలుపు గడియలన్నీ నేనే బిగించుకున్నానన్న గర్వంతో బస్సెక్కాను.

క్లీట్ అంటే ఏమిటో చెప్పాలి కదా! తెరచాప పడవకు చుక్కాని స్టీరింగు అనుకుంటే, యాక్సిలరేటరు పని తాళ్లది. చాపను దగ్గరకు లాగడానికో తాడు, దాని అంచును బిగించడానికో తాడు... అన్నీ గిరకల మీదుగా తిరిగి నడిపేవాడి చేతికొస్తాయి. ఎంతసేపని పట్టుకుంటాడు? అందుకే డెక్కు మీద క్లీట్ ఉంటుంది. పళ్లున్న రెండు చిన్న ముక్కలు, లోపల స్ప్రింగులు. తాడును మధ్యలోకి నొక్కితే కరిచి పట్టుకుంటుంది. పైకి గుంజితే వదిలేస్తుంది. అరచేతిలో ఇమిడే వస్తువే. కానీ గాలి చాపను లాగే లాగుడు తాడు వెంట దాని మీదికే వస్తుంది. గాలి వేగం రెట్టింపైతే చాప మీద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది మరి!

ఇవేవీ నాకప్పుడు తెలియవు. రెండు స్క్రూలు తిప్పి, చేత్తో లాగి చూసి, "ఏనుగును కట్టేసినా ఊడదు పో" అన్నాను.

రెండోవారమే ఫోన్. ఒక్క ఈదురుగాలికి క్లీట్ స్క్రూలతో సహా ఊడొచ్చిందట. తాడు ఆసరాతో వెనక్కి వాలి కూర్చున్న పిల్లాడు వెల్లకిలా నీళ్లలో పడ్డాడు. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి సరిపోయింది. మా చెల్లెలు నన్నేమీ అనలేదు. అన్నా బాగుండేది.

ఊడిన క్లీట్ తెచ్చి మా వీధి వడ్రంగికి చూపించాను. కోమటిచెరువులో తిరిగే పడవలు తప్ప ఆయన తెరచాప పడవను చూసినవాడు కాదు. స్క్రూలకు అంటుకున్న చెక్కను వేళ్లతో నలిపాడు. చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్‌లా రాలిపోయింది. "గీ రెండు స్క్రూల మీద పోరని పానం పెట్టినవా సారూ?" అన్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పిన పాఠానికి, పడవల పని తెలిసినవాళ్లు చెప్పినదానికి పెద్ద తేడా లేదు.

మొదటిది, లాగుడున్న చోట స్క్రూ చాలదు. బోల్టు డెక్కులోంచి అవతలికి దిగాలి, కింద నట్టు పడాలి. నట్టు కింద చిన్న వాషరు ఒక్కటే కాదు, వెడల్పాటి పలక వెయ్యాలి. అప్పుడు బరువంతా రంధ్రం చుట్టూ పడకుండా పలక మేర పరుచుకుంటుంది.

రెండోది, నీళ్లు. నాకంటే ముందెవరో బిగించిన స్క్రూల పక్కనుంచి చుక్కచుక్కగా దిగిన నీరు ప్లైవుడ్‌ను లోపల్నుంచి కుళ్లబెట్టింది. పైన రంగు మాత్రం మెరుస్తూనే ఉంది! కుళ్లిన చెక్కంతా తీసెయ్యాలి. రంధ్రం కాస్త పెద్దదిగా వేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని నడుమ బోల్టుకు రంధ్రం వెయ్యాలి. ఇక నీరు దిగినా చెక్కకు తగలదు. రంధ్రం పై అంచును కొద్దిగా వాలుగా చెక్కి, పడవలకు వాడే సీలెంట్ పూస్తే అది బోల్టు చుట్టూ ఉంగరంలా కూర్చుంటుంది. బిగించేటప్పుడు బోల్టును కదలనివ్వకుండా కింద నట్టునే తిప్పాలి. లేకపోతే ఆ ఉంగరం చెదిరిపోతుంది. బోల్టులు కూడా మామూలు ఇనుమువి కాదు, స్టెయిన్‌లెస్ స్టీలువి వాడాలి.

మూడోది, డ్రిల్లు పట్టకముందే పిల్లాణ్ని పడవలో కూర్చోబెట్టాలి. గాలి విరుచుకుపడ్డప్పుడు తాడు ఒక్క గుంజుకు విడిపోవాలి. విడవకపోతే పడవ పల్టీ కొడుతుంది. కాబట్టి కూర్చున్న చోటి నుంచే చెయ్యి అందాలి, తాడు వచ్చే దారికి క్లీట్ నేరుగా ఉండాలి. నేనేమో ఒడ్డున నిలబడి, నా చేతికి ఎక్కడ అనువైతే అక్కడ బిగించాను!

మళ్లీ వెళ్లాను. వడ్రంగి కోసిచ్చిన టేకు పలక సంచిలో ఉంది. ఎపాక్సీకి ఒక ఆదివారం, బోల్టులకు ఇంకో ఆదివారం పట్టింది. అయ్యాక మేనల్లుణ్ని కళ్లు మూసుకుని తాడు విడిపించమన్నాను. పదిసార్లు చేయించాను. ఒడ్డున నిలబడి చూస్తున్న మా చెల్లెలు అప్పుడు నోరు విప్పింది. "ఏందన్నా, ఈసారి ఏనుగు ముచ్చట ఎత్తలేదు?"

ఇంటికొచ్చి గడియలన్నీ ఒకసారి లాగి చూశాను. వరండాలో దూలానికి మనవరాలి ఊయల కొక్కెం కనిపించింది. నేను బిగించిందే. రెండే స్క్రూలు. ఊయల విప్పి పక్కన పెట్టి, వడ్రంగిని పిలవడానికి వెళ్లాను.