పగడాల మీద పాకే గొలుసు

ఉత్తరాది చలికి వణికే జనవరిలో ఢిల్లీ నుంచి శ్రీ విజయపురానికి (మొన్నటిదాకా పోర్ట్ బ్లెయిర్) విమానం ఎక్కేవాళ్లు కోరుకునేవి కాస్త ఎండ, నీలి నీళ్లు. పర్యాటక ప్రకటనల్లోని బొమ్మ అందరికీ తెలిసిందే. అద్దంలాంటి నీటి మీద తెరచాప దించుకుని నిలిచిన అద్దె పడవ, దాని కింద తేటగా కనిపించే సముద్రపు అడుగు. ఆ బొమ్మలో ఎవరూ గమనించనిది ఒకటుంది. పడవ ముక్కు నుంచి నీళ్లలోకి దిగిన ఇనుప గొలుసు. పగడపు దిబ్బల గురించి మాట్లాడినప్పుడల్లా భూతాపం దగ్గర ఆగిపోవడం అలవాటైపోయింది. ఈ గొలుసు సంగతి కూడా మాట్లాడుకోక తప్పదు.

అసలు అక్కడి నీళ్లు అంత నిశ్చలంగా ఎందుకుంటాయి? పగడపు దిబ్బ బయటి సముద్రానికి అడ్డంగా నిలబడి అలల జోరును విరిచేస్తుంది కాబట్టి. ప్రపంచవ్యాప్త పరిశీలనలను క్రోడీకరించి 2014లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో వచ్చిన పరిశోధన ప్రకారం ఈ దిబ్బలు అలల శక్తిలో సగటున 97 శాతాన్ని హరిస్తాయి. పడవ వెతుక్కునేది ఆ రక్షణే. తీరా లోపలికి వచ్చాక లంగరు పడేది ఆ పగడాల మీదే. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే.

లంగరు తన బరువుతోనే పడవను ఆపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఇసుకలోకి నాగలి కర్రులా దిగబడి పట్టు సాధిస్తుంది. లాగే బలం నేలకు సమాంతరంగా ఉన్నంతసేపే ఆ పట్టు నిలుస్తుంది. పైకి లాగితే ఊడి వస్తుంది. అందుకే నావికులు లోతుకు అయిదు నుంచి ఏడు రెట్లు గొలుసు వదులుతారు. ఆ గొలుసు బరువుగా అడుగున పరుచుకుని లాగుడును సమాంతరంగా ఉంచుతుంది. పగడం మీద పడిన లంగరుకు ఈ పట్టు దొరకదు. ఏదో ఒక సందులో ఇరుక్కుంటుంది, లేదా కొమ్మ విరిగి జారిపోతుంది. కాబట్టి ఇసుక మీద లంగరు వేయడం పగడానికే కాదు, పడవకూ క్షేమం. ఎండ నడినెత్తిన ఉండగా చూస్తే ఇసుక లేతనీలంగా, పగడం గోధుమరంగులో కనిపిస్తుంది. పొద్దుగుంకాక వచ్చిన పడవకు రెండూ ఒకేలా ఉంటాయి.

అయితే లంగరు ఇసుకలో పడినంత మాత్రాన సరిపోదు. పగలు సముద్రం మీది గాలి, రాత్రి నేల మీది గాలి. దిశ మారిన కొద్దీ పడవ తిరుగుతుంది, దానితో గొలుసూ అడుగున పాకుతుంది. చిన్న లెక్క వేసి చూడవచ్చు. పడవ ముక్కు ఎత్తుతో కలిపి ఏడు మీటర్ల లోతు అనుకుంటే అయిదు రెట్లకు 35 మీటర్ల గొలుసు కావాలి. అందులో 25 మీటర్లు నేల మీద పడి ఉన్నాయనుకుంటే, పడవ ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి ఆ గొలుసు ఊడ్చే జాగా దాదాపు 1,960 చదరపు మీటర్లు. అంటే ఇరవై నాలుగు బ్యాడ్మింటన్ కోర్టులంత. ఒక్క రాత్రికి, ఒక్క పడవకు. ప్రతిసారీ పూర్తి చుట్టు తిరగకపోవచ్చు, నేలంతా పగడమే కాకపోవచ్చు. కానీ ఈ సీజన్‌లో రాత్రులు చాలా, మంచి జాగాలు కొన్నే. అందరూ వచ్చి ఆగేది అక్కడే.

విరిగింది ఎప్పటికి పెరుగుతుంది? కొమ్మల పగడాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతాయి. బండల్లా ఉండే పోరైటిస్ జాతి పగడాలు సుమారు ఒక సెంటీమీటరు. మనిషి ఎత్తు పోరైటిస్ బండ వయసు నూరేళ్లు దాటి ఉంటుంది.

‘సముద్రం వేడెక్కి పగడాలన్నీ తెల్లబారి చచ్చిపోతుంటే ఈ లంగర్ల గొడవేమిటి?’ అని అడిగేవారు ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. ప్రపంచవ్యాప్తంగా నాలుగో సామూహిక పగడపు శ్వేతీకరణ జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. లక్షద్వీప్ పగడాలూ ఆ ఏడాది బాగా దెబ్బతిన్నాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉష్ణోగ్రతల ఆధారంగా మన పగడపు ప్రాంతాలకు ముందస్తు హెచ్చరికలు ఇస్తోంది. కానీ తెల్లబారిన దిబ్బ కోలుకునే తీరు ఒకసారి చూడాలి. కొట్టుకొచ్చిన పగడపు డింభకాలు గట్టి రాతిని పట్టుకుని కొత్తగా మొలవాలి. చనిపోయినా నిలబడి ఉన్న పగడపు ఎముక ఆ గట్టి నేలను ఇస్తుంది. గొలుసు దాన్ని ముక్కలు చేస్తే మిగిలేది అలకు అటూ ఇటూ దొర్లే గుల్ల. దొర్లే రాయి మీద డింభకం నిలవదు. అంటే వేడి పగడాన్ని చంపితే, గొలుసు దాని శ్మశానాన్ని కూడా దున్నేస్తోంది. వేడిని ఆపడం ఒక్క దేశం చేతిలో లేదు. గొలుసు మన చేతిలోనే ఉంది.

చట్టం లేక కాదు. రాతి పగడాలను 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులి సరసన చేర్చారు. ఆ జాబితాలోని జీవికి హాని చేస్తే మూడు నుంచి ఏడేళ్ల జైలు. తీర నియంత్రణ మండలి నిబంధనలు పగడపు దిబ్బలను అత్యంత సున్నిత ప్రాంతాల్లో పెట్టాయి. ఢిల్లీలోని జోర్‌బాగ్‌లో కూర్చుని రాసిన ఈ అక్షరాలకు విలువుంది. కానీ సాయంత్రం ఆరింటికి, పదిహేను అడుగుల నీటి కింద ఏముందో కనిపించని పడవ నడిపేవాడికి ‘పగడాన్ని విరవకు’ అని చెబితే సరిపోదు. విరవకుండా పడవను దేనికి కట్టాలో చూపించాలి.

ఆ ఉపాయం పాతదే. ఫ్లోరిడాలో జాన్ హలాస్ అనే జీవశాస్త్రజ్ఞుడు 1980ల ఆరంభంలో సముద్రపు అడుగున జీవం లేని సున్నపురాయికి రంధ్రం తొలిచి, ఉక్కు కడ్డీని సిమెంటుతో బిగించి, దానికి తాడుతో తేలే బోయాను కట్టాడు. పడవ వచ్చి ఆ బోయాకే కట్టుకుంటుంది. గొలుసు నేలను తాకదు. కరీబియన్‌లోని బొనైర్ ద్వీపం మెరైన్ పార్కులో పడవలు లంగరు వేయకూడదు, బోయాలకే కట్టుకోవాలి. ఆస్ట్రేలియాలోని విట్‌సండే దీవుల్లో బోయాల మీది రంగు పట్టీలు ఏ సైజు పడవ దానికి కట్టుకోవచ్చో చెబుతాయి.

బోయాలు పెడితే ఇంకా ఎక్కువ పడవలు వస్తాయనే భయం అర్థం లేనిది కాదు. అందుకే బోయాల లెక్కే పడవల లెక్క కావాలి. ఒక అఖాతంలో ఎనిమిది బోయాలుంటే తొమ్మిదో పడవకు అక్కడ రాత్రి లేదు. అద్దె పడవలకు అనుమతి ఇచ్చే ముందే అవి ఎక్కడ ఆగుతాయో, ఏ బోయాకు కట్టుకుంటాయో దరఖాస్తులోనే ఉండాలి. పర్యాటకం పెరిగాక చూద్దామంటే అప్పటికి పగడమూ ఉండదు, చూడ్డానికి వచ్చేవాళ్లూ ఉండరు.

ఈ భారం మాత్రం స్థానిక మత్స్యకారుల మీద పడకూడదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి అండమాన్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో చేపల వేట మీద బతికేవాళ్లు చాలామంది. లక్షద్వీప్‌లో గేలపు కర్రలతో ట్యూనా పట్టేవారికి ముందుగా ఎర చేపలు కావాలి. అవి దొరికేది పగడాల నడుమే. దిబ్బ పోతే మొదట పస్తుండేది వాళ్లు. వారి చిన్న పడవలకు బోయాలు ఉచితం కావాలి, ఖర్చు సెలవులకు వచ్చిన పడవ రాత్రి అద్దెలోంచి రావాలి.

ఆ ఖర్చు బోయా పెట్టడంతో తీరదు. ఉప్పునీటిలో కొక్కేలు అరుగుతాయి, తాళ్లు నాచు పట్టి కుళ్లుతాయి. ఎవరో ఒకరు తరచూ నీళ్లలోకి దిగి ప్రతి ముడినీ చేత్తో తడిమి చూసి, అరిగినదాన్ని మార్చి, తేదీ రాసుకోవాలి. లేకపోతే ఒక గాలి రాత్రి బోయా తెగి, పడవే వెళ్లి పగడాల మీద కూర్చుంటుంది. శంకుస్థాపన ఫొటోకు వచ్చే డబ్బు మన దేశంలో తేలిగ్గానే దొరుకుతుంది. అరిగిన కొక్కేన్ని మార్చే డబ్బు ఏ పద్దు కింద, ఏ కార్యాలయం నుంచి వస్తుందో మొదటి బోయా నీళ్లలోకి దిగకముందే తేల్చాలి.