కొలత మన చేతిలో ఉండాలి

పోయిన పండుగకు ముందు, మా దగ్గర చదువుకునే ఒక అమ్మాయి రెండు రోజులు తరగతికి రాలేదు. కారణం తర్వాత తెలిసింది. తల్లితో బజారుకు వెళితే ఏ రెడీమేడ్ కమీజూ ఆమెకు కుదరలేదట. నడుము సరిపోతే భుజాలు జారాయి, భుజాలు సరిపోతే చేతులు పొట్టి అయ్యాయి. "ఈ ఒంటికి మా దగ్గర ఏదీ రాదమ్మా" అని అమ్మేవాడు అందరి ముందూ అనేశాడు. పదిహేనేళ్ల పిల్ల ఇంటికొచ్చి అన్నం మానేసింది.

అల్లాహ్ ఇచ్చిన దేహంలో లోపం ఏముంది? ఎవరో ఎక్కడో గీసిన స్మాల్, మీడియం, లార్జ్ గీతల్లో అందరూ ఇమడాలంటే సాధ్యమా? మన దేశంలో రెడీమేడ్ దుస్తులు చాలాకాలం విదేశీ కొలతల ఆధారంగానే తయారయ్యాయి. భారతీయులకు తగిన కొలతల పట్టిక కోసం జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ (నిఫ్ట్) 2018లో ఒక సర్వేను ప్రకటించింది. హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 25 వేల మంది కొలతలు తీయాలన్నది ఆ పథకం. తేడా కొలతల్లోనే ఉందని దుస్తుల చదువు చెప్పే సంస్థే గుర్తించినప్పుడు, మన పిల్లలు సిగ్గుపడటం దేనికి?

ఆ అమ్మాయి నానీ ఏం చేసిందో వినండి. మనుమరాలికి ఒకప్పుడు బాగా కుదిరిన పాత కమీజు కుట్లు విప్పించింది. ముక్కలను దినపత్రిక మీద పరిచి చుట్టూ గీయించింది. పెరిగిన ఒంటిని టేపుతో కొలిచి గీతలు మార్పించింది. కుట్టుకు అంగుళం వదలమంది. ముందు కోరా గుడ్డ కోయించి, కచ్చా కుట్టు వేయించి, తొడిగి చూసింది. చంక దగ్గర పట్టేసింది. అక్కడ నలుచదరపు ముక్క ఒకటి అతికించింది. పెద్దలు చౌబగ్లా అనేది దాన్నే. చెయ్యి పైకెత్తినా ఇక కమీజు లేవలేదు. ఆ తర్వాతే మంచి బట్టకు కత్తెర పెట్టనిచ్చింది. పండుగనాడు ఆ పిల్ల తాను కుట్టుకున్న కమీజుతోనే మా ఇంటికి వచ్చింది. మెడపట్టీ కాస్త వంకర పోయింది. దాన్ని చూపించి మరీ నవ్వింది.

ఇది మన ఇళ్లలోని ఇల్మ్. చుడీదారు కాలికి అతుక్కున్నా కూర్చున్నప్పుడు చిరగదు. బట్టను క్రాస్‌గా, పెద్దల మాటలో ఉరేబ్‌గా కోయడమే దానికి కారణం. కలీలు వేసిన కుర్తా నడకకు వీలిస్తూ, ఒంటిని పట్టకుండా ఉంటుంది. హయా, హాయి రెండూ అందులో ఉన్నాయి. నానీలతోపాటే ఈ విద్య కూడా వెళ్లిపోతోంది.

సబా సూరాలో హజ్రత్ దావూద్ (అ) ప్రస్తావన ఉంది. అల్లాహ్ ఆయన కోసం ఇనుమును మెత్తబరిచి, కవచాల కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆదేశించాడు. ఇనుప తొడుగుకే కొలత అంత ముఖ్యమైతే, రోజూ తొడిగే దుస్తుల మాటేమిటి? ఇది ఆడపిల్లల పనేనని కూడా అనుకోవద్దు. దైవప్రవక్త (స) ఇంట్లో తన దుస్తులు తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలియజేశారు. మన అబ్బాయిల్లో ఎందరికి గుండీ కుట్టడం వచ్చు?

"నేను మిషన్ మీద నడుము విరగ్గొట్టుకున్నాను, నా కూతురికి వద్దు" అనే తల్లులున్నారు. వారి మాటలో న్యాయముంది. మిషన్ కొనిచ్చి చదువు మాన్పించిన ఇళ్లను మేము చూశాం. ఆ రోజులు మళ్లీ రాకూడదు. పుస్తకం పుస్తకమే. కుట్టు దానికి తోడుగా ఉండాలి, దాని స్థానంలోకి రాకూడదు. పైగా ఒక కుర్తాకు ఎన్ని గంటలు పడుతుందో తెలిసినవారు, వీధి చివర కుట్టే ఆపా దగ్గర పది రూపాయలకు బేరమాడరు.

అటక మీద మూతపెట్టిన మిషన్‌ను ఈ జుమా నాడైనా దించండి. నూనె వేసి, అమ్మాయినీ అబ్బాయినీ పక్కన కూర్చోబెట్టండి. మొదట దిండు గలీబు కుట్టించండి. కుట్టు వంకర పోయినా పరవాలేదు, నిద్ర బాగానే పడుతుంది.