గృహోపకరణములు: ఆడెడి దారపు రీలు

కుట్టుమిషనుమీద దారము మాటిమాటికి తెగుచున్నచో మనలో పెక్కుమంది తొలుత చేయుపని బిగింపుమరను త్రిప్పుట. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు. అంతట కుదురక సూదిని మార్తురు, నూనె వేయుదురు, కడకు తాడేపల్లిగూడెమునుండి మరమ్మతువానికై కబురంపుదురు. ఎల్లరి కన్నులయెదుట పైని కూర్చుండి ఊగులాడుచున్న రీలువంక చూచువారు మాత్రము అరుదు.

మన మిషను కుట్టు రెండు దారముల మెలిక. మొనయందు కన్నముగల సూది పైదారమును దింప, క్రింది నాడెలోని దారము దానితో పెనవేసికొనును. 1846లో ఎలియాస్ హోవ్ అను అమెరికాదేశీయుడు హక్కుపత్రము పొందిన యంత్రమందును ఇదియే పద్ధతి. పైదారము ఏకధారగా సాగదు. కుట్టుకొక కుదుపుగా లాగబడును. రీలు కడ్డీమీద వదులుగానున్నచో ప్రతికుదుపునకును అటునిటు కొట్టుకొనును. మనము తొక్కుట ఆపినను అది తన వేగమున మరి రెండుచుట్లు తిరుగును. అట్లు విడివడిన దారము జారి కడ్డీమొదట చుట్టుకొనును. మరల తొక్కగానే దారము బిగిసి సూది వంగును, లేదా దారము తెగును. పలుచని వాయిలు రవికయైనచో కుట్టువెంట ముడుతలుపడును. బిగింపుమర యేమి చేయగలదు? దోషము దానిది కాదు.

మా పెంటపాటిలో రవికలు కుట్టి పిల్లలను చదివించుకొనుచున్న యొక యిల్లాలు, పండుగ ముందు వచ్చిన బట్టలన్నియు మూలనుండగా, “వదినగారూ, దీనిని ఎంతకో అంతకు అమ్మివేసెదను, నావల్ల కాదు” అని కంటనీరు పెట్టుకొన్నది. ఆ మిషను ఆమె తల్లి కాలపుది. నాటి కొయ్యరీళ్ల సన్నని రంధ్రమునకు తగిన కడ్డీ దానిది. నేటి ప్లాస్టికు రీలు రంధ్రమో వెడల్పు. తెగినది దారమేయైనను పోవునది కూలి. ఇంటిపట్టున స్త్రీ చేయు దారపుపని తీరికవేళల కాలక్షేపమని లోకము తలచును గాని, దానిమీదనే పొయ్యి వెలుగు నిండ్లు మన జిల్లాలో కొల్లలు. నరసాపురపు లేసు అల్లిక స్త్రీలను గూర్చి మరియా మీస్ అను జర్మను విదుషి 1982లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతినే విపులముగా చర్చించినది. లేసు అల్లునామెకు దారమును అదుపులో నుంచుటకు వ్రేళ్లున్నవి. మిషనునకు వ్రేళ్లు లేవు గావున ఆ పని కడ్డీయు, దానిక్రింది మెత్తయు చేయవలెను.

ముందుగా కడ్డీని రెండువ్రేళ్లతో పట్టి కదిపి చూడుడు. మొదటనే కదలుచున్నచో, మరచుట్లుగల కడ్డీయైన గుడ్డచుట్టి పటకారుతో మెల్లగా కుడికి త్రిప్పి బిగింపుడు. దిగగొట్టినదైన పైన కొయ్యముక్క నుంచి తేలికగా తట్టుడు. మన కాలువల సీమలో వానకాలపు తేమకు కడ్డీ త్రుప్పుపట్టుట సామాన్యము. గరుకుకాగితముతో రుద్ది, పొడిగుడ్డతో తుడువుడు. నూనె పూయరాదు, దారమునకు మరక యంటును. (కొబ్బరినూనెను మిషను లోపల సయితము పోయువారున్నారు. అది చలికి గడ్డకట్టి, నాళ్లు గడచినకొలది జిగురగును. వారికి నేను చెప్పి చెప్పి అలసితిని.)

పిమ్మట పాతకంబళినుండి రూపాయబిళ్లంత గుండ్రని ముక్కను కత్తిరించి, నడుమ కన్నము చేసి కడ్డీకి తొడిగి, దానిపై రీలు నుంచుడు. రీలు ఆపగానే ఆగుటకు ఈ ముక్కయే చాలును. రంధ్రము మరియు వెడల్పైనచో, పోస్టుకార్డు ముక్కను గొట్టముగా చుట్టి కడ్డీకి తొడుగుడు. అయితే మిక్కిలి బిగువు కూడదు. రీలు తిరుగక మొరాయించినను దారము తెగునుగదా! వ్రేలితో దారమును లాగినప్పుడు సులువుగా తిరిగి, విడిచినంతనే నిలువవలెను. అదియే సరియైన కొలత. మా పొరుగామె మిషను ఈ రెండింటితోనే కుదురుకొన్నది. అమ్మకపు మాట మరల రాలేదు.

దర్జీలు కొను పెద్దశంకురీళ్లు చౌకయని మనమును తెత్తుము. వానిని కడ్డీమీద నెక్కింపకుడు. వానిదారము అడ్డదిడ్డముగా చుట్టబడి, పైకొననుండి విడుటకై ఏర్పడినది; రీలు తిరుగవలసిన పనియే లేదు. మిషను వెనుక వెడల్పుమూతిగల బరువైన ఇత్తడి గ్లాసులో దానిని నిలిపి, సరిగా దానిపైన గోడకొక కొక్కెము కొట్టి, దారమును అందుండి మిషనునకు తెండు.

రీలు అంచున దారమును ఇరికించు గాటొకటి యుండును. పైకున్నచో తిరుగు దారము దానిలో తగులుకొని తెగును. ఆ వైపును క్రిందికుంచి కుట్టుడు.