టెలికన్వర్టర్ కొంటున్నారా? రీచ్ పెరుగుతుంది, వెలుగు పెరగదు!

బర్డ్ ఫోటోగ్రఫీ మొదలుపెట్టిన కొన్నాళ్లకే చాలామందికి ఒక ఆలోచన వస్తుంది. "నా లెన్స్ 600 ఎంఎం. దానికి 2ఎక్స్ టెలికన్వర్టర్ తగిలిస్తే 1200 ఎంఎం అయిపోతుంది కదా?" అని.

కాగితం మీద అవుతుంది. ఫోటోలో మాత్రం లెక్క వేరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: జూమ్ లెన్స్ వాడేవాళ్లలో ఎక్కువమందికి 2ఎక్స్ దండగ. 1.4ఎక్స్ కొందరికి నిజంగానే పనికొస్తుంది. ఎందుకో చూద్దాం.

అసలు ఏం జరుగుతుంది?

టెలికన్వర్టర్ కెమెరాకి, లెన్స్‌కి మధ్యలో కూర్చుని బొమ్మని పెద్దది చేస్తుంది. అంతేగానీ కొత్తగా వెలుగేమీ తీసుకురాదు. 1.4ఎక్స్‌తో ఒక స్టాప్, 2ఎక్స్‌తో రెండు స్టాపులు పోతాయి. సోనీ 200-600, నికాన్ జెడ్ 180-600 లాంటి లెన్స్‌లు 600 ఎంఎం దగ్గర ఎఫ్/6.3. 1.4ఎక్స్ పెడితే ఎఫ్/9, 2ఎక్స్ పెడితే ఎఫ్/13 అవుతాయి. ఎగిరే పక్షికి షట్టర్ స్పీడ్ తగ్గించలేం కాబట్టి, ఐఎస్ఓ 1600 ఉన్నచోట 3200, ఆ తర్వాత 6400 పెట్టాల్సి వస్తుంది. పక్షులు బాగా తిరిగే తెల్లవారుజామున ఇది చిన్న విషయం కాదు.

ఆటోఫోకస్ కూడా నెమ్మదిస్తుంది. పాత డీఎస్ఎల్ఆర్‌లలో చాలావాటికి ఎఫ్/5.6 దాటితే, కొన్నిటికి ఎఫ్/8 దాటితే ఫోకస్ కష్టం. మిర్రర్‌లెస్ కెమెరాలు చాలా నయం. అయినా గబుక్కున ఎగిరే లకుముకిపిట్ట విషయంలో తేడా తెలిసిపోతుంది.

క్రాప్ చేస్తే సరిపోదా?

చాలాసార్లు సరిపోతుంది. 45 మెగాపిక్సెల్ ఫోటోని 1.4 రెట్లు క్రాప్ చేసినా దాదాపు 23 మెగాపిక్సెల్స్ మిగులుతాయి. ఇన్‌స్టాగ్రామ్‌కే కాదు, మంచి ప్రింట్‌కి కూడా అది చాలు. పైగా ఒకే లెన్స్ కాబట్టి పక్షి నుంచి లోపలికి వచ్చే వెలుగు రెండు పద్ధతుల్లోనూ ఒకటే. కన్వర్టర్ ఇచ్చేది పక్షి మీద ఎక్కువ పిక్సెల్స్ మాత్రమే. అందుకే 24 మెగాపిక్సెల్ కెమెరా వాళ్లకి దాని లాభం ఎక్కువ, 45 మెగాపిక్సెల్ వాళ్లకి తక్కువ. అది కూడా లెన్స్ బాగా షార్ప్‌గా ఉంటేనే. లెన్స్‌లో ఉన్న మెత్తదనాన్ని కన్వర్టర్ ఇంకా పెద్దది చేసి చూపిస్తుంది.

గాలి కూడా అడ్డమే

పులికాట్‌లో ఫ్లెమింగోలు తీసినవాళ్లకి ఇది బాగా తెలుసు. ఎండ ఎక్కాక నీళ్ల మీద గాలి అలలు అలలుగా కదులుతుంది. దూరంగా ఉన్న పక్షి అంచులు కరిగిపోయినట్టు వస్తాయి. అక్కడ 1200 ఎంఎం పెట్టినా ఆ కదలికే పెద్దగా కనిపిస్తుంది తప్ప ఈకలు కనిపించవు. ఏ గ్యాడ్జెట్టూ దీన్ని సరిచేయలేదు. పొద్దున్నే వెళ్లడం ఒక్కటే మందు, దానికి ఖర్చు లేదు.

మరి ఎవరు కొనాలి?

400 ఎంఎం ఎఫ్/2.8, 600 ఎంఎం ఎఫ్/4, నికాన్ 500 ఎంఎం ఎఫ్/5.6 పీఎఫ్ లాంటి ప్రైమ్ లెన్స్ ఉంటే 1.4ఎక్స్ నిరభ్యంతరంగా తీసుకోండి. నికాన్ తన జెడ్ 600 ఎంఎం ఎఫ్/4లో 1.4ఎక్స్ కన్వర్టర్‌ని లోపలే పెట్టి ఇస్తోందంటే, సరైన లెన్స్‌కి అది ఎంత ఉపయోగమో అర్థం చేసుకోవచ్చు.

కొనేముందు మౌంట్ సంగతి కూడా చూసుకోండి. సోనీ ఈ-మౌంట్‌లో సిగ్మా, టామ్రాన్ లెన్స్‌లకి టెలికన్వర్టర్లు పనిచేయవు. కెనాన్ ఆర్ఎఫ్ 100-500కి ఎక్స్‌టెండర్ పెడితే 300 ఎంఎం కంటే కిందకి జూమ్ తగ్గించలేరు. వీలైతే ఒక రోజు అద్దెకి తెచ్చుకుని, ఒకే పక్షిని కన్వర్టర్‌తో ఒకటి, లేకుండా ఒకటి తీసి, రెండోది క్రాప్ చేసి పోల్చండి. తేడా కనిపించకపోతే డబ్బు మిగిలినట్టే.

ఫోన్ వాడేవాళ్లకి

వివో ఎక్స్200 అల్ట్రాతో వచ్చిన 2.35ఎక్స్ ఎక్స్‌టెండర్ లాంటివి లెన్స్ వెనక కాదు, ముందు తగిలిస్తారు. 85 ఎంఎం టెలిఫోటో 200 ఎంఎం అవుతుంది. 600 ఎంఎంతో పోలిస్తే ఇది మూడో వంతే. చెరువు గట్టు దగ్గర పెలికాన్‌కి ఓకే, కరెంటు తీగ మీద పాలపిట్టకి చాలదు.

కన్వర్టర్ పక్షాన ఒక మాట

"కన్వర్టర్ ఎందుకు, దగ్గరికి వెళ్తే పోలా?" అనే సలహా కూడా వింటుంటాం. గూళ్ల దగ్గర మాత్రం అది తప్పుడు సలహా. నేలపట్టులోనో, ఉప్పలపాడులోనో పిల్లల్ని సాకుతున్న పక్షి మనల్ని చూసి గూడు వదిలి లేస్తే, ఆ కాసేపట్లోనే కాకులు గుడ్లు ఎత్తుకుపోవచ్చు, పిల్లలు ఎండకి మాడిపోవచ్చు. అలాంటి చోట కొంచెం మెత్తగా వచ్చిన ఎఫ్/9 ఫోటోనే గొప్పది. అడుగు ముందుకు వేయకుండా ఉండటానికి 1.4ఎక్స్ సాయపడితే, దానికి పెట్టిన డబ్బు వృథా కాదు. మిగతా అన్నిచోట్లా ఆ డబ్బుని మంచి లెన్స్ కోసం దాచుకోండి, లేదా నాలుగు తెల్లవారుజామున చెరువు దగ్గర గడపడానికి పెట్రోల్ కొట్టించుకోండి.