హాస్టల్ పిల్లల కోసం రాసిన సంగీతం

హాస్టల్ అనగానే బయటి లోకానికి గుర్తొచ్చేవి రేకుల పెట్టె, నీళ్ళ చారు, వాటితోపాటు కాస్త జాలి. జాలి చెడ్డదని మేము అనము. అయితే జాలిపడేవాళ్ళు మనకు ఎంత ఇవ్వాలో ముందే కొలత పెట్టుకుంటారు. "హాస్టల్ పిల్లలకు ఇది చాలులే" అన్న మాట పుస్తకాల దగ్గరా, ఆటల దగ్గరా, పాటల దగ్గరా మనమందరం విన్నదే. ఆ మాట తప్పని చెప్పడానికి మూడు వందల ఏళ్ళ నాటి ఒక సంగీత విద్వాంసుణ్ణి సాక్ష్యానికి పిలుస్తున్నాం. ఆయన పేరు ఆంటోనియో వివాల్డి. ఊరు ఇటలీలోని వెనిస్ నగరం.

వివాల్డి 1678లో పుట్టాడు. తండ్రి మొదట క్షురక వృత్తిలో ఉండి, తర్వాత వయొలిన్ వాద్యకారుడై సెయింట్ మార్క్ చర్చి బృందంలో చేరాడు. పెళ్ళిళ్ళలో సన్నాయి, డోలు వాయించే నాయీబ్రాహ్మణ కుటుంబాలను ఎరిగిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు. కొడుకు 1703లో క్రైస్తవ మతగురువు అయ్యాడు. జుట్టు ఎర్రగా ఉండడంతో జనం 'ఎర్ర ఫాదర్' అని పిలిచేవారు. అదే ఏడాది, 25 ఏళ్ళ వయసులో, పియెటా అనే అనాథాశ్రమంలో వయొలిన్ మాస్టారుగా చేరాడు.

పియెటా 14వ శతాబ్దంలో మొదలైన సంస్థ. సాకలేని పసిబిడ్డల్ని, ఎవరి బిడ్డలో చెప్పుకోలేని పసిబిడ్డల్ని దాని గోడలోని గూటిలో వదిలి వెళ్ళేవారు. మగపిల్లలు ఏదో ఒక చేతిపని నేర్చుకుని బయటికి వెళ్ళిపోయేవారు. ఆడపిల్లలు అక్కడే పెరిగేవారు. కుట్టుపని, లేసు అల్లకం చేసేవారు. వారిలో ప్రతిభ ఉన్నవారిని ఏరి సంగీతం నేర్పేవారు. ఇంటిపేరు లేని ఆ పిల్లలకు వాద్యమే ఇంటిపేరయ్యేది. అన్నా మరియా అనే అమ్మాయి ఊరందరికీ 'వయొలిన్ అన్నా మరియా'.

అనాథ పిల్లలే కదా అని వివాల్డి వారికోసం తేలిక సంగీతం రాశాడా? లేదు. ఆయన రాసిన కన్చెర్టోలు సుమారు 500. వాటిలో ఎన్నో ఈ పిల్లల కోసం పుట్టినవే. కన్చెర్టో అంటే భయపడనక్కరలేదు. బృందమంతా కలిసి ఒక వరుస వాయిస్తుంది. ఒక వాద్యం దానినుంచి బయలుదేరి తన పోకడలు పోతుంది. మళ్ళీ బృందం మొదటి వరుస అందుకుంటుంది. మన పాటలో చరణం తర్వాత పల్లవికి వచ్చినట్టే. ఆ ఒంటరి వాద్యం చేసే పనిలోనే కష్టమంతా ఉంటుంది. అన్నా మరియా కోసం ఆయన రాసిన వయొలిన్ కన్చెర్టోలను వాయించడం ఈనాటి విద్వాంసులకు కూడా సులువు కాదు.

గాత్ర సంగీతంలోనూ అంతే. ఆయన పేరుపొందిన 'గ్లోరియా' లూకా సువార్తలో దేవదూతలు పాడిన స్తుతితో మొదలవుతుంది. మామూలుగా అందులోని కింది స్థాయి స్వరాలు మగవాళ్ళు పాడాలి. పియెటాలో అన్నీ స్త్రీలే పాడారు. 1716లో రాసిన 'జుడితా' అనే సంగీత కథలో శత్రుసేనాని పాత్ర కూడా ఆడపిల్లదే.

మాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఒక సొనాటా రాతప్రతిలో వివాల్డి ఏ వాద్యం ఎవరిదో పేర్లతో రాశాడు. వయొలిన్ ప్రుదెన్జాది, ఓబో పెలెగ్రీనాది, ఆర్గాన్ లూచియెట్టాది, షాల్మో అనే పిల్లనగ్రోవి వంటి వాద్యం కాందిదాది. ఆ మాస్టారు 'పిల్లలు' అని మందగా చూడలేదు. ఒక్కొక్కరి చేయి ఎంతవరకు పోతుందో చూసి, అంతవరకు పోనిచ్చాడు.

ఆ సంగీతం వినడానికి దూరదేశాలనుంచి జనం వెనిస్ వచ్చేవారు. 1711లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ఆయన 12 కన్చెర్టోలలో కొన్నింటిని జర్మనీలో బాఖ్ అంతటివాడు తన వాద్యాలకు మార్చి రాసుకున్నాడు.

ఇదంతా స్వర్గమని మేము చెప్పడంలేదు. ఆ అమ్మాయిలు జనానికి కనబడకుండా ఇనుప జాలీ వెనుక నిలబడి పాడేవారు. పెళ్ళి చేసుకుని వెళ్ళినవారు మళ్ళీ బయట కచేరీ చేయకూడదు. కచేరీలకు వచ్చే కానుకలు సంస్థ ఖర్చులకు పోయేవి. సంగీతానికి ఎంపిక కాని పిల్లలు వందలమంది. మాస్టారుకూ భద్రత లేదు. కొనసాగించాలా వద్దా అని పాలకవర్గం ఓట్లు వేసేది. 1709లో ఓటు ఆయనకు ఎదురు తిరిగింది. 1711లో మళ్ళీ పిలిచారు. 1723లో నెలకు రెండు కన్చెర్టోలు రాసివ్వాలని ఒప్పందం చేసుకున్నారు. ఆయన 1741లో వియన్నాలో పేదవాడిగా చనిపోయాడు. దాదాపు రెండు శతాబ్దాలు లోకం ఆయన్ని మరచిపోయింది. 1926లో రాతప్రతులు పెద్ద ఎత్తున బయటపడ్డాకనే ఆయన పేరు మళ్ళీ నిలబడింది. అవి దొరికింది కూడా ఇటలీలో మతగురువులు నడిపే ఒక విద్యాలయంలోనే!

"ఎక్కడి వెనిస్, ఎక్కడి మన హాస్టల్?" అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. మేమూ మొదట అలాగే అనుకున్నాం. మా ఇళ్ళలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. పీజీ హాస్టల్ గదిలో ఒకే ఇయర్‌ఫోన్ ఇద్దరం చెరో చెవిలో పెట్టుకుని ఈ సంగీతం విన్నప్పుడు, ఇది గొప్పింటివాళ్ళ వ్యవహారం, మనకెందుకు అనిపించింది. మొదట దీన్ని వాయించింది గోడ గూటిలో దొరికిన పిల్లలని తెలిశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో మన రాగాలు పలికిన వయొలిన్ కూడా యూరప్‌నుంచి వచ్చినదే. వాద్యానికి కులం లేదు, దేశం లేదు. నేర్పేవాడు ఉండాలి, అంతే.

మన హాస్టళ్ళలో డప్పు, హార్మోనియం వార్షికోత్సవానికి పది రోజుల ముందు బీరువాలోంచి బయటికి వస్తాయి. మర్నాడే లోపలికి పోతాయి. గొంతున్న పిల్ల, దరువు తెలిసిన పిల్లవాడు ఏడాదిలో ఆ పది రోజులే కళాకారులు. అన్నం, చదువు ముందు కావాలన్నది నిజమే. అయితే అవి వచ్చాక ఇక చాలు అనడం న్యాయమా? పియెటాలో పెద్ద పిల్లలే చిన్న పిల్లలకు నేర్పేవారు. అన్నా మరియా కూడా అక్కడే గురువై, 1782లో కన్నుమూసేదాకా ఆ సంస్థలోనే ఉంది. ఈ పద్ధతికి జీవో అక్కరలేదు, బడ్జెట్ అక్కరలేదు. ఆదివారం రెండు గంటలు, బీరువా తాళంచెవి ఉంటే చాలు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. ఈసారి హాస్టల్‌కు ఫ్యానో, కుర్చీయో ఇచ్చేటప్పుడు ఒక వాద్యం కూడా ఇవ్వండి. పాతదైనా సరే, పలికేది ఇవ్వండి. వారానికి ఒకసారి వచ్చి నేర్పే మాస్టారును చూపించండి. ఒక్క షరతు. దానిమీద దాత పేరు చెక్కించవద్దు. వాయించే పిల్ల పేరు రాయించండి.